మీకు తెలుసా? ముసుగు తీయని ర్యాపర్

అమెరికన్ ర్యాప్‌లో పేరుమోసిన ఎమ్‌ఎఫ్ డూమ్ పుట్టింది అమెరికాలో కాదు, 1971లో లండన్‌లో. అసలు పేరు డేనియల్ డుమిలే. పెరిగింది న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్‌లో. తమ్ముడు సబ్‌రాక్‌తో కలిసి కేఎండీ అనే బృందం పెట్టాడు. 1993లో కారు ఢీకొని తమ్ముడు పోయాడు. మరుసటి ఏడాదే, ముఖచిత్రం మీద గొడవతో ఎలెక్ట్రా రికార్డు కంపెనీ వాళ్ల రెండో ఆల్బమ్‌ను పక్కనపడేసింది.

కొన్నేళ్లు డూమ్ అజాపజా లేకుండా పోయాడు. ఆ తర్వాత మన్‌హాటన్‌లోని న్యూయోరికన్ పోయెట్స్ కేఫ్‌లో ముఖానికి ఆడవాళ్ల మేజోడు తొడుక్కుని మైకు పట్టాడు. మేజోడు పోయి, మార్వెల్ కామిక్స్ విలన్ డాక్టర్ డూమ్‌ను తలపించే లోహపు ముసుగు వచ్చింది. మరిక జనం ముందు దాన్ని దాదాపుగా తీయలేదు.

ముసుగుతో ఒక చిక్కు ఉంది: లోపల ఎవరున్నారో తెలియదు. కొన్ని కచేరీలకు తన బదులు వేరేవాళ్లకు అది తగిలించి పంపాడు. అదీ కళలో భాగమేనని ఆయన వాదన. టికెట్ కొన్నవాడికి మాత్రం అది మోసమే!

పాటలో మాత్రం మోసం లేదు. సంగీత నిర్మాత మ్యాడ్‌లిబ్‌తో చేసిన ‘మ్యాడ్‌విలనీ’ (2004) ఆల్బమ్ వినండి. చాలా పాటలకు పల్లవే ఉండదు. ప్రాస పాదం చివర ఆగకుండా మధ్యమధ్యలోనూ గొలుసుకట్టుగా సాగుతుంది.

అమెరికా పౌరసత్వం లేకపోవడంతో, 2010లో యూరప్ పర్యటనకు వెళ్లినవాణ్ని తిరిగి రానివ్వలేదు. ఇంగ్లండ్‌లోనే ఉండిపోయాడు. 2020 అక్టోబర్ 31న కన్నుమూస్తే, లోకానికి తెలిసింది డిసెంబర్ 31న.