బిగుసుకున్న ఇంజన్

మరహూమ్ అబ్బాజాన్ వాడిన ఆయిల్ ఇంజన్ పద్దెనిమిది సంవత్సరాలుగా మా తోట బావి పక్కన రేకుల పాకలో పడి ఉంది. నిరుటి వేసవిలో పాత ఇనుము కొనే వ్యాపారి వచ్చాడు. హ్యాండిల్ పట్టి తిప్పబోతే చక్రం వెంట్రుకవాసి కూడా కదలలేదు. “ఇది ఇక ఇంజన్ కాదు మౌల్వీసాబ్, తూకానికి పోయే ఇనుము” అన్నాడు. తమ్ముడు ధరకు ఒప్పుకొని బయానా కూడా పుచ్చుకున్నాడు. అమ్మీ ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. నేను నెల రోజుల గడువు అడిగాను.

ఈ తరహా ఇంజన్ల పుట్టినిల్లు ఇంగ్లాండులోని డర్స్‌లీ పట్టణం. అక్కడి లిస్టర్ సంస్థ 1929లో వీటి తయారీని ప్రారంభించి 1987 వరకు సాగించింది. ఒకే సిలిండరు, ఇరువైపులా రెండు బరువైన చక్రాలు, నాలుగున్నర అంగుళాల వ్యాసం గల పిస్టన్, ఆరు గుర్రాల శక్తి, నిమిషానికి 650 చుట్లు. అదే నమూనాను గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలు పోతపోసి నలుమూలలకూ పంపాయి. మాది అక్కడి నుండి వచ్చినదే.

ఇంజన్ బిగుసుకుపోయిందనగానే లోపల ఏదో విరిగిందని అనుకుంటాము. ఎక్కువగా జరిగేది అది కాదు. ఆపిన సమయంలో ఏదో ఒక వాల్వు తెరచి ఉంటే, పొగ గొట్టం గుండా వానాకాలపు తేమ సిలిండరులోనికి దిగుతుంది. పిస్టన్ రింగులూ, అవి ఆనుకొని ఉన్న గోడా రెండూ పోత ఇనుమే కనుక రెంటికీ తుప్పు పడుతుంది. తుప్పుగా మారిన ఇనుము తన అసలు పరిమాణానికి రెండింతలు మించిన చోటును ఆక్రమిస్తుంది. ఉన్న సన్నని సందు కాస్తా నిండిపోయి, రింగులు గోడకు అతుక్కుపోతాయి.

ఇది నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది. మొదటి రోజే పానాకు నాలుగడుగుల గొట్టం తొడిగి, హెడ్ నట్టుపై బలమంతా ప్రయోగించాను. నట్టు ఊడలేదు, స్టడ్డు విరిగింది. పాఠం నేర్వక రెండవదానినీ విరిచాను. మా భాంజా సమ్మెట తెచ్చి పిస్టన్‌నే కొడదామన్నాడు. అదృష్టవశాత్తు అప్పుడే అసర్ అజాన్ అయింది, పని ఆగింది.

మరునాడు మా పక్క ఊరి నుండి ఒక వృద్ధ మేస్త్రీని పిలిపించాను. ముప్పై ఏళ్ళుగా పిల్లలు నన్ను ఉస్తాద్ అంటున్నారు. ఆ నెలంతా ఆయన నాకు ఉస్తాద్ అయ్యారు. విరిగిన స్టడ్లను చూసి, “మౌలానా, తుప్పు చేయని నష్టం మీరు చేశారు” అన్నారు. విరిగిన మొండేలపై కొత్త నట్టు వెల్డింగ్ చేయించారు. ఆ వేడికే తుప్పు పట్టు సడలి, రెండూ పానాకు లొంగాయి. మిగిలిన నట్లను కాల్చి, అవి ఇంకా వేడిగా ఉండగానే మరలపై కొవ్వొత్తి రుద్దించారు. మైనం కరిగి మరలలోనికి ఇంకింది. విప్పేముందు ప్రతి నట్టునూ కొద్దిగా బిగించే దిశలో కదిపారు.

హెడ్ తీశాక ఆయన వెంటనే పిస్టన్ జోలికి పోలేదు. కింది తలుపు విప్పి, కనెక్టింగ్ రాడ్ మూత తీసి, చక్రాన్ని కొంచెం ఇటూ అటూ కదిపారు. తేలికగా కదిలింది. అంటే బేరింగులు బాగున్నాయి, పట్టుకున్నది పిస్టన్ ఒక్కటే. మూతను తిరిగి బిగించారు. పిస్టన్‌పై కనిపించే గోడ తుప్పును సన్నని ఎమెరీ కాగితంతో తుడిపించారు. లేకుంటే కదిలిన పిస్టన్ ఆ తుప్పులోనే మళ్ళీ ఇరుక్కుంటుంది. అసిటోన్‌నూ, ఆటోమేటిక్ గేర్ల బండ్లకు వాడే ఎర్ర నూనెనూ సమపాళ్ళలో కలిపి పిస్టన్ తలపై పోశారు. ఈ రెండూ కలిసి ఉండవు, ప్రతిసారీ సీసాను కుదపాలి. నిప్పు మాత్రం దరిదాపులకు రాకూడదు. అందుకే కాల్చే పనులన్నీ ముందే ముగించారు.

ఆ తరువాతి ఉపాయం నాకు చాలా నచ్చింది. ఈ ఇంజన్ నీటితో చల్లబడేది కనుక సిలిండరు చుట్టూ నీటి గది ఉంటుంది. రోజూ రెండు పూటలా అందులో మరిగిన నీళ్ళు పోయించారు. వేడికి ముందు గోడ వ్యాకోచిస్తుంది, లోపలి పిస్టన్ కొంత ఆలస్యంగా వేడెక్కుతుంది. ఆ కాస్త వ్యవధిలో నూనె ఇంకొంచెం కిందికి దిగుతుంది. అమ్మీయే స్వయంగా పొయ్యిపై నీళ్ళు పెట్టేది.

తొమ్మిది రోజులు ఏమీ జరగలేదు. భాంజాకు ఓపిక నశించి, చక్రం ఆకుల మధ్య గునపం దూర్చబోయాడు. మేస్త్రీ కేకవేసి ఆపారు. పోత ఇనుము వంగదు, పగులుతుంది. పగిలిన చక్రంతో ఇంజన్ నడపడం ప్రాణాంతకం. పదవ రోజు ఉదయం పిస్టన్ తలపై చింత దిమ్మ ఉంచి ఆయన మెల్లగా తడుతూ ఉండగా, మేమిద్దరం చక్రపు అంచును చేతులతో నొక్కాము. నూలుపోగంత కదిలింది. వెంటనే వెనక్కి తిప్పమన్నారు. ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం, మధ్యమధ్య నూనె. జొహర్ వేళకు ఒక పూర్తి చుట్టు తిరిగింది.

ఇక నడిపేద్దామని తమ్ముడు తొందరపడ్డాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. పిస్టన్‌ను బయటకు తీసి, విరిగిన రెండు రింగులు మార్చి, పాత మడ్డి ఆయిల్ పారబోయించారు. అన్నిటికన్నా ఎక్కువ సమయం డీజిల్ పంపు వద్ద గడిపారు. గవర్నర్ నడిపే పంపు కడ్డీ ఇంధనం ఎక్కువగా పోయే స్థితిలో పట్టేసి ఉంటే, ఇంజన్ మొదలైన క్షణం నుండి వేగం పెరుగుతూనే పోతుంది. పంపు లోపలి పోగు, గొట్టం ఒకదానికొకటి జతగా నూరినవి. వాటికి ఎమెరీ కాగితం తగలరాదు. డీజిల్‌లో నానబెట్టి కడిగి, కడ్డీ వేలితో తోస్తే జారేదాకా వదలలేదు. అప్పటికీ గాలి లోనికి పోయే రంధ్రాన్ని మూసేందుకు ఒక చెక్క ముక్కను భాంజా చేతికి ఇచ్చి నిలబెట్టారు.

దాని అవసరం రాలేదు. మూడవ ప్రయత్నంలో తెల్లని పొగ చిమ్మి ఇంజన్ అందుకుంది. అమ్మీ దుప్పట్టా సవరించుకొని వరండాలోకి వచ్చి నిలబడింది. తమ్ముడు సాయంత్రం వెళ్ళి వ్యాపారికి బయానా తిరిగి ఇచ్చి వచ్చాడు.

ఇప్పుడు పొగ గొట్టం మూతికి రేకు డబ్బా బోర్లిస్తున్నాము. పదిహేను రోజులకొకసారి భాంజా చక్రాన్ని చేతితో తిప్పి, గాలి బిగిసి బరువు తెలిసే చోట, అంటే రెండు వాల్వులూ మూసుకున్న చోట, ఆపి వస్తాడు.