పశుపక్ష్యాదుల నడుమ బాల్యము

పెనుగొలను వంటి గ్రామములో "పెంపుడు జంతువు" అనే మాట సాధారణముగా ఎవరి నోటా వినబడదు. "మా పెయ్య", "మా మేకపిల్ల", "మా పుంజు" అనే మాటలే వినబడతాయి. పెంపుడు జంతువు అన్నది పాఠ్యపుస్తకముల మాట; మెడపట్టీ వేసిన కుక్కను సాయంకాలము షికారుకు తీసుకొనిపోయే పట్టణ గృహస్థుల మాట. పల్లెలోని ప్రాణి ఇంటి రాబడిలో భాగము, ఇంటి చాకిరిలో భాగము. పిల్లవాడు దానిని ముచ్చటకు పెంచడు. దానితోపాటు తానూ పెరుగుతాడు. ఈ రెండవ విధమైన పెంపకమే బాలల మనస్సునకు ఎక్కువ మేలు చేస్తుందని మా అభిప్రాయము. ఎందుచేతనో వివరించుటకే ఈ వ్యాసము.

పెనుగొలను గంపలగూడెం మండలములోని గ్రామము. పూర్వము కృష్ణా జిల్లాలోనిది, 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. తిరువూరు ప్రాంతమునకు వరి, పత్తి, మిర్చి, మామిడి ముఖ్యమైన పంటలు. ఒకప్పుడు ఇచ్చట గొడ్ల చావిడి లేని రైతు ఇంటిని ఊహించుట కష్టము. ఆ ఇంటిలో ఏడెనిమిదేండ్ల పిల్లవానికి పాలు పితికే వేళ ఒక ఉద్యోగము ఉండేది. దూడను పట్టుకొనుటే ఆ ఉద్యోగము. పలుపు విప్పగానే దూడ పరుగున పోయి తల్లి పొదుగును కుమ్ముతుంది. కొంతసేపటికి గేదె చేపుతుంది. అప్పుడు దూడను బలవంతముగా ఇవతలకు లాగి తల్లి ముఖము ముందర నిలబెట్టాలి. తల్లి దానిని నాకుతూ నిలబడితే పాలు చెంబులోనికి ధారకట్టుతాయి. దూడ నోటి స్పర్శకు తల్లి మెదడు నుండి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తములోనికి విడుదలై పొదుగులోని పాలను క్రిందికి దించుతుందని శాస్త్రము చెప్పుచున్నది. బిడ్డకు పాలిచ్చే మానవ మాతలో పనిచేసేదీ ఇదే. ఎక్కువసేపు ఒకరి కన్నులలోకి ఒకరు చూచుకొనే కుక్కలోనూ దాని యజమానిలోనూ ఈ హార్మోనే పెరుగుచున్నదని 2015లో జపాను శాస్త్రజ్ఞులు 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. ఆ పేరు ఎరుగకపోయినా, దాని పనిని పల్లె పిల్లవాడు ప్రతి ఉదయము తన చేతులలో గమనించుచునే ఉన్నాడు.

అయితే అసలు పాఠము ఆ తరువాత వస్తుంది. దూడకు ఎన్ని పాలు విడువాలి? ఒక చన్ను దానికి విడుచుట వాడుక. కాని పాల కేంద్రములో వెన్నశాతమును బట్టి డబ్బు వస్తుంది. ఇంటిలో అప్పు ఉంటుంది. తండ్రి చేయి నాలుగవ చన్ను మీదకూ పోతుంది. అంతసేపూ దూడను పట్టుకొని, దాని డొక్కలు ఎగసిపడుట తన మోకాళ్ళకు తెలిసిన పిల్లవాడు "నాన్నా, దానికీ కాసిని ఉంచు" అంటాడు. నోరులేని ప్రాణి పక్షాన, తనకు లాభము లేని విషయములో, తనకన్న బలవంతునితో వాదించుట అతనికి అదే మొదటిసారి కావచ్చును. పులిని వేడుకొని, దూడకు పాలిచ్చి తిరిగి వస్తానన్న ఆవు కథ అనంతామాత్యుని భోజరాజీయములో కలదు; మన పిల్లలందరూ దానిని చదువుతారు. దూడను పట్టిన పిల్లవాడు ఆ కథను వినే తీరు వేరు, పట్టని పిల్లవాడు వినే తీరు వేరు. తెలుగు పాఠము చెప్పేవారికి ఇది తరగతిలో స్పష్టముగా కనబడే విషయము.

కోడిపెట్టది మరొక విద్య. పొదిగిన నాటి నుండి ఇరువదియొక్క దినములు లెక్కపెట్టుట, మురిగిన గ్రుడ్డును దీపమునకు అడ్డముగా పెట్టి పోల్చుట, గ్రద్ద నీడ పడగానే గంప మూయుట ఇవన్నీ పిల్లల పనులే. పన్నెండు గ్రుడ్లు పెట్టితే పన్నెండు పిల్లలు కావని, అయిన వాటిలోనూ కొన్ని పిల్లిపాలో ముంగిసపాలో అవుతాయని ఏ ఉపన్యాసమూ లేకుండానే వారికి తెలిసిపోతుంది.

ఇక ఆరోగ్యము. పశువుల నడుమ పెరిగితే రోగములు వస్తాయని చదువుకొన్న తల్లిదండ్రుల భయము. ఈ భయములో కొంత నిజమున్నది; దానిని తరువాత చెప్పుదుము. కాని దానికి ఎదురుగా నిలిచే నిజము కూడ ఉన్నది. 1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే ఆంగ్ల వైద్యశాస్త్రవేత్త, ఎక్కువమంది తోబుట్టువులున్న ఇండ్లలోని పిల్లలకు పుప్పొడి వలన కలిగే జలుబు, తుమ్ములు తక్కువగా ఉన్నట్లు చూపించాడు. పసితనములో సూక్ష్మజీవులతో పరిచయము లేని శరీరము, పెద్దయిన తరువాత నిరపాయమైన ధూళిని సైతము శత్రువని భ్రమించి పోరాడుతుందనే ఆలోచన అక్కడ నుండి బలపడింది. దీనికి గట్టి ఉదాహరణ అమెరికాలో దొరికింది. అచ్చట ఆమిష్, హటరైట్ అనే రెండు వ్యవసాయ సమాజములు ఉన్నాయి. రెండూ ఐరోపా నుండి వలసపోయినవే. వంశము, ఆహారము, జీవనవిధానము చాలవరకు ఒక్కటే. భేదమొక్కటి: ఆమిష్ వారు నేటికీ గుర్రములతో సేద్యము చేస్తారు, వారి పశువులశాల ఇంటి ప్రక్కనే ఉంటుంది, హటరైట్ వారిది పెద్ద యంత్రముల సేద్యము, పశువులు పిల్లలకు దూరముగా ఉంటాయి. 2016లో వెలువడిన పరిశోధన ప్రకారము ఉబ్బసము ఆమిష్ బాలలలో నూటికి 5 మందికి ఉండగా, హటరైట్ బాలలలో నూటికి 21 మందికి ఉన్నది. ఆమిష్ ఇండ్ల ధూళిలో సూక్ష్మజీవుల సంబంధమైన ఎండోటాక్సిన్ అనే పదార్థము ఆరు రెట్లకు పైగా ఎక్కువగా కనబడింది. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చిన మన పల్లెలకు ఈ రెండు సమాజముల కథ దూరమైనదేమీ కాదు. అయితే, ఇప్పటికే ఆయాసమున్న పిల్లవానిని గొడ్లసావిట్లో పడుకోబెట్టవలెనని దీని అర్థము కాదు. అతని విషయము వైద్యుడు చెప్పవలసినది.

మనస్సు విషయమునకు వస్తే, బోరిస్ లెవిన్సన్ అనే అమెరికా మనస్తత్వవేత్త పేరు చెప్పక తప్పదు. ఆయన పిల్లల మానసిక వైద్యుడు. ఆయన కుక్క పేరు జింగిల్స్. మాట్లాడక ముడుచుకొనిపోయిన ఒక బాలుని తల్లిదండ్రులు అనుకొన్న వేళకన్న ముందుగా తీసుకొనివచ్చారు. కుక్క గదిలోనే ఉన్నది. బాలుడు వైద్యుని వైపు చూడలేదు, కుక్కతో ఆడసాగాడు. ఆ కుక్క ద్వారానే తరువాత వైద్యునికి చేరువ అయ్యాడు. ఈ అనుభవమును లెవిన్సన్ 1961లో తోటి శాస్త్రజ్ఞుల ముందుంచి, 1969లో గ్రంథముగా విస్తరించాడు. కారణము ఊహించుట కష్టము కాదు. జంతువు మార్కులు అడుగదు, ఉచ్చారణ దిద్దదు. మన కళాశాలకు వచ్చే పిల్లలలో అనేకులు ఇంట ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకములో ఆంగ్లము నేర్చి, మూడింటిలోనూ తడబడుదుమనే బెదురుతో పెరిగినవారు. మేకపిల్లతో ఉర్దూలో మాట్లాడినా తెలుగులో మాట్లాడినా అది చెవులు రిక్కించి వింటుంది. నత్తి గల పిల్లవాడు దాని ముందు గడగడ మాట్లాడుట చూచినవారికి లెవిన్సన్ చెప్పినది క్రొత్తగా తోచదు.

ఇంతవరకు చదివి, ఒక కుక్కపిల్లను కొని తెచ్చి ఇంట పడవేస్తే పిల్లలు బుద్ధిమంతులవుతారని ఎవరైనా అనుకొంటే పొరబాటు. 2017లో అమెరికాలోని రాండ్ సంస్థ కాలిఫోర్నియాలోని ఐదువేలకు పైగా కుటుంబముల బాలలను పరిశీలించింది. కుక్కలు, పిల్లులు ఉన్న ఇండ్ల పిల్లలు మొదట మెరుగుగానే కనబడ్డారు. కాని ఆ ఇండ్ల ఆదాయము, సొంత ఇల్లు, తల్లిదండ్రుల స్థితి మొదలగునవి లెక్కలోనికి తీసుకోగానే ఆ మెరుగు దాదాపు మాయమైంది. జంతువు ఇంటిలో ఉన్నంత మాత్రమున ఒరిగేది అల్పమని దీనివలన మేము గ్రహించుచున్నాము. దాని ఆకలి పిల్లవాని పూచీ కావాలి. 1693లోనే జాన్ లాక్ అనే ఆంగ్ల తత్త్వవేత్త తన విద్యాగ్రంథములో ఒక తల్లిని మెచ్చుకొన్నాడు. ఆమె కుమార్తెలు కోరిన కుక్కలను, ఉడుతలను, పక్షులను తెచ్చి ఇచ్చేది. కాని వాటికి ఏ లోపము జరిగినా ఊరకొనేది కాదు.

పూచీ అన్నప్పుడు దాని చీకటి ప్రక్కను కూడ చెప్పాలి. పశువుల వెంట తిరిగిన బాల్యములన్నీ మధురమైనవి కావు. అప్పుకు బదులుగా పెద్ద రైతు ఇంట జీతమునకు కుదిరి, తెల్లవారు జాము నుండి చీకటి వరకు పరాయివారి గేదెలను మేపి, బడి ముఖము చూడని పాలేరు పిల్లల తరములు మన పల్లెలలో గడచిపోయాయి. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టము 1976లో వచ్చింది. నిర్బంధ విద్యా హక్కు చట్టము 2009లో వచ్చింది. వాటికి ముందరి ఆ పిల్లల నడుములకు తెలిసిన పశుపోషణ వేరు. బడికి పోయే ముందు అరగంట, వచ్చిన తరువాత అరగంట, తన ఇంటి ప్రాణికి చేసే సేవనే మేము పొగడుచున్నాము. అంతకు మించినది పిల్లవాని నుండి దొంగిలించినదే అవుతుంది.

పెంచిన ప్రాణి పోతుంది. ఈ సంగతి చెప్పుటకు పెద్దలు వెనుకాడుతారు. ముస్లిముల ఇండ్లలో బక్రీదుకు నెలల ముందే మేకపిల్లను తెచ్చి పెంచుట కలదు. రావి కొమ్మలు తెచ్చి మేపేది పిల్లలు, పేరు పెట్టేది పిల్లలు. పండుగనాడు ఏడ్చేదీ వారే. హిందువుల ఇండ్లలో దున్నపోతు దూడను సంతకు తోలినప్పుడు, చుట్టము వచ్చాడని పెంచిన పుంజును కోసినప్పుడు కారే కన్నీరూ అదే. "మేక తప్పిపోయింది" అని ఆ పూటకు అబద్ధమాడుట, ఏడ్చే పిల్లవానిని చూచి నవ్వుట, ఈ రెండూ తగవు. తెచ్చిన నాడే ఇది ఖుర్బానీ కొరకని చెప్పాలి, అంతవరకు దానికి ఏ బాధా కలుగకుండ చూచుట నీ వంతు అని చెప్పాలి, ఏడిస్తే ఏడ్వనివ్వాలి. ప్రవక్త ముహమ్మద్ గారి జీవితములో ఇందుకు తగిన ఉదంతము ఒకటి హదీసులలో కలదు. అనస్ బిన్ మాలిక్ తమ్ముడైన అబూ ఉమైర్ అనే పసివాడు ఒక చిన్న పిట్టను పెంచుకొన్నాడు. అది చనిపోయి అతడు దిగులుగా ఉండగా, ప్రవక్త అతనిని పెద్దవానిని పిలిచినట్లు పిలిచి, ఆ పిట్ట ఏమైనదని పరామర్శించారు. అంతటి పెద్దమనిషి ఒక పసివాని పిట్ట కొరకు ఆగి మాట్లాడుటను మన పూర్వులు చిన్న విషయముగా తీసుకోలేదు. పదవ శతాబ్దపు పండితుడు ఇబ్నుల్ ఖాస్ ఈ ఒక్క ఉదంతము నుండి అరువదికి పైగా ధర్మసూక్ష్మములను తీసి ఒక చిన్న గ్రంథమే వ్రాశాడు.

ఇక ముందు చెప్పుదుమన్న భయము సంగతి. పచ్చిపాలు త్రాగరాదు, ఈనిన గేదె, మేకల మాయను పిల్లలచే తీయించరాదు, ఈ రెండు మార్గములలోను బ్రూసెల్లోసిస్ అనే మొండి జ్వరము సోకుతుంది. పేడ తీసిన చేతులు సబ్బుతో కడుగనిదే అన్నము ముట్టరాదు. అన్నింటికన్న ఘోరమైనది రేబిస్. లక్షణములు బయటపడిన తరువాత మరణము దాదాపు తప్పదు. అనుమానాస్పదమైన జంతువుల కాటుకు గురయ్యేవారిలో నూటికి నలుబదిమంది పదిహేనేండ్ల లోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కుక్క కాని, పిల్లి కాని, కోతి కాని కరచినా రక్కినా, ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషములు గాయమును కడుగాలి. కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు. వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు పోయి టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నిటా వేయించుకోవాలి. తిట్లకు భయపడి కాటును దాచే పిల్లలున్నారు. కావున కరచిందని చెప్పిన పిల్లవానిని మొదట తిట్టరాదు. ఇంటి కుక్కకు ఏటేటా టీకా వేయించుట గృహస్థుని విధి.

నేడు పెనుగొలనులోనూ ఆ చుట్టుప్రక్కలా చావిళ్ళు పలుచబడుచున్నాయి. దుక్కికి ట్రాక్టరు వచ్చింది. పిల్లవాడు తెల్లవారకముందే బడి బస్సు ఎక్కుతాడు, లేదా విజయవాడలో హాస్టలులో ఉంటాడు. "పేడ ముట్టకు, చదువుకో" అనే తల్లి మాటలో ఆమె పడిన కష్టమున్నది, ఆమెను తప్పుపట్టలేము. ఒకప్పుడు ఇల్లే ఇచ్చిన పాఠమును ఇప్పుడు మనము ప్రయత్నించి ఇవ్వవలసి వస్తున్నది. గేదెకు తావు లేని ఇంట రెండు కోడిపెట్టలకు తావుంటుంది. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకము కొరకే రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు మన ఎండలకు తట్టుకొంటాయి. పిల్లికి తావు అక్కరలేదు. అయిదేండ్ల పిల్లకు గింజలు చల్లే పని, ఎనిమిదేండ్లవానికి నీళ్ళు మార్చి గూడు ఊడ్చే పని ఇవ్వవచ్చును. రామచిలుకను మాత్రము పంజరములో పెట్టరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అది నేరము. చిలుక కావాలని మారాము చేసే పిల్లలకు వేసవిలో గోడమీద మట్టిమూకుడు పెట్టి, రోజూ నీరు నింపే పని అప్పగిస్తే, మామిడితోటల చిలుకలు వాటంతట అవే వచ్చి వ్రాలుతాయి.