చేతిఫోనును ఇంటిగుట్టును



నేడు నేను మీతో ప్రసంగింపదలచినది చేతిఫోనును గూర్చి. దానిని నడపు విధము చెప్పువారు పెక్కురు కలరు. దానికి ఏ సంగతి తెలుపవచ్చునో, ఏ సంగతి తెలుపరాదో చెప్పువారు మాత్రము అరుదు. ఆ రెండవ విషయమునే నేడు మనవి చేసెదను.

ఇంటిగుట్టు లంకకు చేటని సామెత. గుట్టనగా పాపకార్యమని అర్థము కాదు. మనకెంత అప్పున్నది, అమ్మాయికి ఏ సంబంధము చూచుచున్నాము, ఏ జబ్బుకు మందు తినుచున్నాము, ఎన్నెకరములకు పట్టా యున్నది - ఇట్టి సంగతులను తగినవారికి చెప్పుదుము, తగనివారికి చెప్పము. ఎవరికి చెప్పవలెనో నిర్ణయించుకొను ఈ అధికారమునే గోప్యత అందురు. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు ఏకగ్రీవముగా దీనిని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై చట్టము చేసెను. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ఐనను చట్టము ఊరి కావలివాని వంటిది. ఎవరి తలుపు వారు వేసికొనక తప్పదు.

గుట్టు బయటపడిన మాత్రమున ముంచుకొని వచ్చునదేమని కొందరడుగుదురు. మన తెలుగునాట జరిగిన సంగతులే విన్నవించెదను. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అను సంస్థ ఒక నివేదికను ప్రకటించెను. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు ఎల్లరకు కనబడునట్లుండెనని అందలి అంచనా. ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్ వే. ఒకటి ఉపాధిహామీ చెల్లింపులకు, రెండవది చంద్రన్న బీమాకు సంబంధించినది. మరుసటి యేడు తెలంగాణమున పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్‌కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటునుండి భూముల దస్తావేజులను దింపుకొని, వాటిపై గల వేలిముద్రలను రబ్బరుతో పోతపోసి, వేలకొలది సిమ్‌కార్డులను తీయించెనని పోలీసులు అతనిని పట్టుకొనిరి. దస్తావేజుపై ముద్రవేసిన రైతు చేసిన తప్పేమున్నది? పోయిన తాళపుచెవికి మారుచెవి చేయించుకొనవచ్చును. వేలిముద్ర పోయిన మఱొక వేలు మొలవదుగదా!

అప్పుల యాప్‌ల సంగతి మఱింత దారుణము. ఇవి కొద్దిపాటి సొమ్మిచ్చి, ఫోనులోని బంధువుల నంబర్లను, ఫోటోలను లాగుకొని, వాయిదా తప్పినంతనే అందరికిని ఫోనుచేసి పరువు తీసినవి. ఆ అవమానము భరింపలేక ఉభయ రాష్ట్రములలోను ప్రాణములు తీసికొన్నవారున్నారు. అందువలననే 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పిచ్చు యాప్‌లు ఫోనులోని నంబర్ల పట్టికను, ఫోటోలను ముట్టరాదని ఆదేశించెను. నేడు ఏ యాప్ అయినను అప్పిత్తునని చెప్పి ఈ రెంటిని అడిగినచో, అది ఆ ఆదేశమును మీరుచున్నదని గ్రహింపుడు.

కావున ఏ సేవనైనను ఫోనులోనికి రానిచ్చుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. ఇది ఏమి అడుగుచున్నది? మిరప ధర చెప్పు యాప్‌నకు మన బంధువుల నంబర్లతో పనియేమి? దీనికి సొమ్మెట్లు వచ్చుచున్నది? ఉచితముగా పెట్టువాడు ప్రకటనల ద్వారమునగాని, మన సమాచారము నమ్ముకొనిగాని రాబట్టుకొనుచుండవచ్చును. మన మాటలను ఇది తాను చదువగలదా? వలదనుకొన్నప్పుడు మన వివరములను చెఱిపివేసి బయటపడగలమా?

ఈ ప్రశ్నలతో వాట్సాప్‌ను పరీక్షింతము. 2016నుండి అందలి సందేశములు, పంపినవారికిని అందుకొన్నవారికిని తప్ప ఇతరులకు తెలియని గూఢలిపిలో పోవుచున్నవి. ఇది మంచి గుణము. అయితే దానిని 2014లో ఫేస్‌బుక్ సంస్థ కొనెను. మాట తెలియకున్నను, ఎవరు ఎవరితో ఎప్పుడు మాటలాడుచున్నారను సంగతి ఆ సంస్థకు తెలియవచ్చును. సిగ్నల్ అనునది లాభాపేక్ష లేని సంస్థ విరాళములతో నడుపుచున్నది. ప్రకటనలు లేవు. 2016లో అమెరికాలో న్యాయస్థానపు ఉత్తర్వు వచ్చినప్పుడు, ఖాతా తెరచిన తేదీయు, కడపట వాడిన తేదీయు తప్ప ఆ సంస్థ ఇయ్యగలిగినది లేకపోయెను. దాచుకొననిదానిని ఎవరును దోచలేరు. టెలిగ్రామ్‌లోని సామాన్య సంభాషణలకు మాత్రము ఇట్టి పూర్తి గూఢలిపి లేదు. రహస్య సంభాషణగా ఎంచుకొన్నవానికే కలదు.

ఇట్లని వాట్సాప్‌ను నేడే తీసివేయుడని నేను చెప్పను. ఊరివారందరు అందున్నప్పుడు మనమొక్కరమే సిగ్నల్‌లో ఉండి ఎవరితో మాటలాడుదుము? ఊరి కబుర్లు అక్కడ, ఇంటి కబుర్లు ఇక్కడ అని విభజించుకొనుట సులభము. నరసరావుపేటలో చదువుకొను మనుమడును మాచర్లలోని తాతయు సిగ్నల్ పెట్టుకొన్నచో ఇరువురకును చాలును. జబ్బులు, మందులు మొదలగువాటిని వెదకునప్పుడు, వెదకిన మాటలను మన పేర వ్రాసి పెట్టుకొనమను నియమము గల డక్‌డక్‌గో వంటిదానిని వాడవచ్చును.

ఆధార్ విషయమున మూడు సౌకర్యములున్నవి. సంఖ్యలో చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ప్రతిని అధికారిక వెబ్‌సైటునుండి దింపుకొని, దానిని అంగీకరించు చోట్ల అదే ఇండు. అసలు సంఖ్యకు బదులుగా 16 అంకెల మాఱుసంఖ్యను తీసికొనవచ్చును. వేలిముద్రలకు తాళము వేసికొనవచ్చును. రేషను మొదలగువాటికి వేలు పెట్టవలసినప్పుడు తాళము తాత్కాలికముగా తీయవలసి యుండును గనుక, ఇంటిలో తెలిసినవారిచేత ముందుగా నేర్చుకొనుడు. జిరాక్సు ప్రతి నిచ్చునప్పుడు ఏ పనికి, ఏ తేదీన ఇచ్చితిరో దానిపై వ్రాయుడు.

ఎంత మంచి సేవను ఎంచుకొన్నను, మన నోటనే రహస్యము జారినచో అది రక్షింపలేదు. మనుమనిచేత ఫోను నడిపించుకొనుట తప్పు గాదు. రహస్యసంఖ్యను మాత్రము మీ వ్రేలితోనే నొక్కుడు. మీకు డబ్బు వచ్చుటకు ఆ సంఖ్యతో పనిలేదు. అడిగినవాడు మోసగాడని నిశ్చయింపుడు. మోసపోయినచో సిగ్గుపడి కూర్చుండక, ఆ గడియలోనే 1930 నంబరునకు ఫోను చేయుడు. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారుచు పోవును.

కొన్నిచోట్ల మనకు ఎంపిక లేదు. పింఛనుకు, రేషనుకు అడిగిన వివరములు ఇయ్యక తప్పదు. అక్కడ అడిగినంతయే ఇండు, అంతకు మించి వలదు. మిగిలిన చోట్ల, "ఇది మీకేల?" అని అడుగుటకు వెనుదీయవలదు. కొత్తవాడు వాకిట నిలిచి మన బిడ్డల వివరములడిగిన మనము వెంటనే వేయు ప్రశ్న అదియే. ఫోనులో అడుగువానికి ఆ మర్యాదలో మినహాయింపు ఉండనక్కఱలేదు.