బుద్ధి చెప్పినట్టు బ్రతికితే చాలునా?

మనిషిని పశువునుండి వేరుచేసేది బుద్ధి, కనుక బుద్ధి ననుసరించి నడిచే జీవితమే ఉత్తమమని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలోనే బోధించాడు. ఈ మాటను మనం తేలికగా తోసివేయకూడదు. బుద్ధిని ఇచ్చినవాడు దేవుడే. డాక్టరు ఇచ్చిన మందు మానేసే ఇంట్లోనూ, అప్పు తెచ్చి ఆడంబరంగా పెళ్ళి చేసే ఇంట్లోనూ కొరవడింది ఆలోచనే.

అయితే బుద్ధి ఒక్కటే చాలునా? ఈ ప్రశ్నకు మన నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలోనే జవాబు దొరుకుతుంది.

గత శతాబ్దంలో ఈ సీమ పల్లెలను ముఠాకక్షలు పీడించాయి. బయటివారు దాన్ని బుద్ధిలేనితనం అన్నారు. కాని కక్షకు దాని లెక్క దానికుండేది. "వాళ్ళు మావాణ్ణి చంపారు. ఊరుకుంటే చేతగానివాళ్ళం అనుకుంటారు. అలా అనుకుంటే రేపు మరొకణ్ణి చంపుతారు. కాబట్టి మనమే ముందు..." ఒక్కొక్క మెట్టూ సరిగానే తోస్తుంది. చివరి మెట్టు మీద శవం ఉంటుంది. కోపం యజమాని అయితే బుద్ధి దానికి వకీలుగా పనిచేస్తుంది. "ఈ పగ మా బిడ్డలకు అప్పగించం" అనే మాట ఆ లెక్కలో ఎక్కడా రాదు. అయినా ఆ ఇంటిని నిలబెట్టగలిగేది ఆ మాటే.

ఆళ్ళగడ్డ శిల్పుల పని చూడండి. శిల్పశాస్త్రంలో తాళమానమనే కొలత ఉంది. నవతాళమంటే విగ్రహం ఎత్తు ముఖం పొడవుకు 9 రెట్లు. కొలత తప్పితే రాయి పాడైపోతుంది. కాని ఎవరి రూపం చెక్కాలో ఆ కొలత చెప్పదు. బుద్ధి కూడా అటువంటి కొలబద్దే.

"దేవుణ్ణి కాదని, బుద్ధినే నమ్మి మంచిగా బ్రతికినవారు లేరా?" అని మన యువకులు అడుగుతారు. ఉన్నారు. విజయవాడ నాస్తిక కేంద్రాన్ని నడిపిన గోరా (1902-1975) అటువంటివారు. అంటరానితనం తప్పని వేదికలమీద వాదించినవారు ఆ రోజుల్లో చాలామందే. గోరా తన కుమార్తెను దళిత యువకునికిచ్చి 1948లో సేవాగ్రామంలో వివాహం జరిపించారు. వాదం అందరికీ తెలిసిందే. దాన్ని తన ఇంటి గడపలోనికి తెచ్చుకోవడానికి తోటిమనిషి మీద ప్రేమ, నష్టపోవడానికి తెగువ కావాలి. ఆరాధనలో పక్కపక్కనే కూర్చుని, పెళ్ళి సంబంధం దగ్గర మాత్రం కులం అడిగే మన విశ్వాసుల కుటుంబాలకు ఆయన జీవితం ఒక ప్రశ్న.

యేసు ప్రభువు చెప్పిన మంచి సమరయుని ఉపమానం మనకు తెలుసు. పక్కగా వెళ్ళిపోయిన యాజకునికి, లేవీయునికి తమ కారణాలు తమకు ఉండే ఉంటాయి. దొంగలున్న దారిలో ఆగడం తెలివైన పని కాదు కదా! సమరయుడు కూడా బుద్ధిని వదిలిపెట్టలేదు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు. గాయపడినవాణ్ణి తన వాహనమెక్కించాడు. పూటకూళ్ళవానికి 2 దేనారములిచ్చి, ఎక్కువైతే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. అంతా చక్కని లెక్కే. కాని అతడు మొదట జాలిపడ్డాడు, తరువాతనే లెక్క వేశాడు.

ఈ రాత్రి మీ ఇంట్లో ఏదైనా నిర్ణయం తీసుకోవలసి ఉంటే, అది తమ్ముడితో ఉన్న పొలం తగాదా కావచ్చు, అమ్మాయి పెళ్ళి కావచ్చు, బాగా ఆలోచించండి. దానికి ముందు, మీ ఆలోచనకు యజమాని ఎవరో ఒక్కసారి చూసుకోండి.