పెద్దపిల్లలే చిన్నపిల్లలకు మార్గదర్శకులు: బస్తర్ ‘ఘోటుల్’ చెబుతున్నదేమిటి?

ఒకప్పుడు బస్తర్‌లోని మురియా గోండు పల్లెల్లో పొద్దు వాలగానే ఆరేడేళ్ల బాలుడు ఒక కట్టె చేతబట్టుకుని ఊరి ఘోటుల్‌కు చేరుకునేవాడు. రాత్రి నెగడుకు ఆ కట్టె తేవడమే సమాజం అతనికి అప్పగించిన మొదటి విధి. తెచ్చాడా లేదా అని చూసేది తల్లిదండ్రులు కాదు, ఉపాధ్యాయుడూ కాదు. అతనికంటే కొన్నేళ్లు పెద్దవాడైన మరో కుర్రాడు. ఆ కుర్రాడు కూడా ఒకనాడు కట్టె మోసుకొచ్చినవాడే.

కౌమార దశలోని పిల్లలను చిన్నవారికి మార్గదర్శకులుగా తీర్చిదిద్దడం ఎలాగన్న ప్రశ్న నేడు విద్యావిధానాల్లో చర్చకు వస్తున్నది. జాతీయ విద్యావిధానం-2020 సైతం తోటి విద్యార్థులకు చదువు చెప్పే పద్ధతిని ప్రస్తావించింది. అయితే ఈ పనికి ఒక పూర్తి వ్యవస్థనే నిర్మించుకున్న సమాజం మన దేశంలోనే ఉంది. ఆ వ్యవస్థ మసకబారుతున్న వేళ అందులోని సారం ఏమిటో పరిశీలించడం అవసరం.

ఘోటుల్ అంటే ఏమిటి?

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్ డివిజన్‌లో ప్రస్తుతం 7 జిల్లాలున్నాయి. వాటిలో నారాయణపూర్, కొండగావ్ ప్రాంతాలు మురియా గోండులకు ప్రధాన నివాసం. పెళ్లికాని బాలబాలికలు, యువతీయువకులు సాయంకాలం కలుసుకుని పాటలు, ఆటలు, కథలు, పొడుపుకథలతో గడిపి రాత్రి అక్కడే నిద్రించే గృహమే ఘోటుల్. దానిని నెలకొల్పినవాడు లింగో పెన్ అనే దైవమని మురియాల విశ్వాసం.

ఘోటుల్ బాలుర సభ్యులను ‘చేలిక్’ అనీ, బాలికలను ‘మోతియారి’ అనీ అంటారు. ఆరేడేళ్ల వయసులో ప్రవేశించిన వారు పెళ్లయ్యేదాకా సభ్యులుగా కొనసాగేవారు. వివాహంతో సభ్యత్వం ముగిసేది. లోపలి వ్యవహారాల్లో పెద్దలు సాధారణంగా జోక్యం చేసుకునేవారు కాదు.

ఈ వ్యవస్థను సవివరంగా గ్రంథస్థం చేసినవారు మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్. మురియాలు, వారి ఘోటుల్‌పై ఆయన రాసిన బృహద్గ్రంథం 1947లో వెలువడింది. తదనంతర కాలంలో సిమెరన్ గెల్ చేసిన అధ్యయనం 1992లో పుస్తకరూపం దాల్చింది. బయటి ప్రపంచపు కుతూహలం మాత్రం చాలాకాలం యువతీయువకుల సంబంధాల చుట్టూనే తిరిగింది. ఆ కుతూహలం చాటున, చిన్నపిల్లలను పెంచే బాధ్యతను పెద్దపిల్లలకు అప్పగించిన తీరు మరుగున పడింది.

బాధ్యత మెట్టు మెట్టుగా

ఘోటుల్‌లో చేరిన సభ్యునికి కొంతకాలానికి ఒక బిరుదనామం లభించేది. అక్కడ అతన్ని ఆ పేరుతోనే పిలిచేవారు. సిర్దార్, దివాన్, కొత్వార్, తహసీల్దార్ వంటి బిరుదుల్లో చాలావరకు నాటి సంస్థాన పాలనలోని ఉద్యోగాల పేర్లే. బాలికల నాయకురాలికి ‘బెలోసా’ అన్న బిరుదు ప్రసిద్ధం.

ఈ పేర్లు అలంకారానికి కావు. ఒక్కో బిరుదు వెంట ఒక్కో పని ఉండేది. కట్టెలు వచ్చాయో లేదో చూడడం, ప్రాంగణం ఊడ్చారో లేదో గమనించడం, ఎవరు రాలేదో లెక్క తీయడం, తప్పు చేసినవారికి జరిమానా విధించడం వంటివన్నీ పిల్లల చేతుల్లోనే ఉండేవి. ఊళ్లో పెళ్లి జరిగినా, చావు సంభవించినా, పండుగ వచ్చినా ఘోటుల్ సభ్యులంతా కలిసి పనిచేసేవారు. ఆటపాటలు, శుభ్రత, శ్రమ, పెద్దల పట్ల మర్యాద వంటివన్నీ చిన్నవారు పెద్దపిల్లలను చూసి నేర్చుకునేవారు.

ఇందులో గమనించవలసిన అంశం ఒకటుంది. పదహారేళ్ల యువకుడికి ఉన్నట్టుండి పదిమంది పిల్లలను అప్పగించి నాయకుడివి కమ్మని ఎవరూ ఆదేశించలేదు. కట్టె మోయడంతో మొదలైన బాధ్యత ఏటేటా ఒక మెట్టు పెరుగుతూ వచ్చింది. ఏ పనిని అతను ఇతరులతో చేయించేవాడో, ఆ పనిని అంతకుముందు స్వయంగా చేసి ఉండేవాడు. చిన్నవాని కష్టం అతనికి అనుభవపూర్వకంగా తెలుసు.

ఉరావుల ధుమ్‌కురియా, ముండాల గితిఓరా, నాగాల మొరుంగ్ కూడా ఇటువంటి యువజన గృహాలే. ఘోటుల్ విశిష్టమైనదే కానీ ఒంటరిది కాదు.

మద్రాసు ఇసుక నుంచి ఇంగ్లండ్ బడులకు

పెద్దపిల్లవాడు చిన్నపిల్లవానికి నేర్పడం గిరిజన సమాజాలకే పరిమితం కాలేదు. తెలుగు పల్లెల వీధిబడుల్లోనూ అదే పద్ధతి నడిచింది. ముందు నేర్చినవాడు వెనుకవానికి దిద్దించేవాడు. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి.క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడుల గురించి ప్రభుత్వానికి నివేదిస్తూ, ఈ పద్ధతిని మెచ్చుకున్నారు. ఇంగ్లండ్ దీనిని అనుకరించడం సముచితమేనని అభిప్రాయపడ్డారు.

ఇంగ్లండ్‌కు దీనిని చేర్చింది ఆండ్రూ బెల్. మద్రాసులోని ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమానికి 1789 నుంచి పర్యవేక్షకుడిగా ఉన్న ఆయన, స్థానిక బడిలో పిల్లలు ఇసుకపై అక్షరాలు దిద్దుతుండడం చూశారు. తన ఆశ్రమంలోనూ పిల్లల చేతనే పిల్లలకు నేర్పించారు. ఆ ప్రయోగ వృత్తాంతాన్ని 1797లో లండన్‌లో ప్రచురించారు. అదే ‘మద్రాసు పద్ధతి’గా పేరొందింది.

అయితే అక్కడ ఒక లోపం బయటపడింది. ఒకే హాలులో వందలాది పిల్లలను కూర్చోబెట్టి, బాల పర్యవేక్షకుల చేత పాఠాన్ని వల్లె వేయించడంతో చదువు యాంత్రికమైంది. దాంతో 1846లో బ్రిటన్ మరో ఏర్పాటు చేసింది. కనీసం 13 ఏళ్లు నిండిన విద్యార్థులను ఐదేళ్లపాటు ప్రధానోపాధ్యాయుని వద్ద శిక్షణలో ఉంచి, ఏటా పరీక్షించి, భృతి చెల్లించే పద్ధతి అది. మార్గం చూపే కుర్రవానికి కూడా మార్గం చూపేవారు ఉండాలన్న గ్రహింపు దీని వెనుక ఉంది.

ఘోటుల్ ఎందుకు మసకబారింది?

ఘోటుల్ సాయంత్రాలపై ఆధారపడిన వ్యవస్థ. పిల్లలు ఇంటికి దూరంగా ఆశ్రమ పాఠశాలలకు, వసతిగృహాలకు వెళ్లిన తరువాత ఊళ్లో సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. బయటివారి చిన్నచూపు వల్ల చదువుకున్న యువతలో ఘోటుల్ గురించి మాట్లాడడానికే సంకోచం ఏర్పడింది.

2005 తరువాత సల్వాజుడుం, మావోయిస్టుల మధ్య ఘర్షణ ఉధృతమై దక్షిణ బస్తర్‌లో అనేక గ్రామాలు చెదిరిపోయాయి. సుప్రీంకోర్టు 2011 జులై 5న సల్వాజుడుం విషయంలో తీర్పు వెలువరించే నాటికే వేలాది కుటుంబాలు గోదావరి పరీవాహక అడవులకు తరలివచ్చాయి. తెలుగునాట వారిని గుత్తికోయలని పిలుస్తున్నారు. ఊరే చెదిరినప్పుడు పెద్దపిల్లలకూ చిన్నపిల్లలకూ మధ్య ఉన్న ఆ బంధం కూడా తెగింది.

బడిలో రెండు భాషల మధ్య

ఈ బంధం తెగిన లోటు స్పష్టంగా కనిపించేది ఒకటో తరగతిలో. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవారు దాదాపు 29.8 లక్షలు. గోండి తెలుగుకు సోదర భాష. రెండూ దక్షిణ-మధ్య ద్రావిడ శాఖకు చెందినవి. మనం రెండు, మూడు, నాలుగు అంటే గోండి బిడ్డ రండ్, మూండ్, నాలుంగ్ అంటుంది. బడిలో మాత్రం దో, తీన్, చార్ అని వినబడుతుంది. లెక్క తెలిసిన పిల్లకు లెక్క రాదన్న ముద్ర పడడానికి ఈ తేడా చాలు.

ఉపాధ్యాయునికి గోండి రాకపోతే, ఆ గదికి సమీపంలో రెండు భాషలూ తెలిసినవారు ఎవరు? ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి చదువుతున్న అదే ఊరి పిల్లలు. పాఠాన్ని ఇంటి భాషలోకి తెచ్చి చెప్పగలవారూ, చిన్నవాని భయాన్ని తాము కూడా ఒకనాడు అనుభవించినవారూ వారే. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లో తెలుగు బడులకు వెళ్లే గుత్తికోయ పిల్లల సమస్యా ఇటువంటిదే. అక్కడ హిందీ స్థానంలో తెలుగు ఉంటుంది.

దీనికి తెలుగునాట పూర్వోదాహరణ ఉంది. 1940వ దశకంలో నిజాం పాలనలోని ఆదిలాబాద్ జిల్లాలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండుల విద్యకు పథకం రూపొందించారు. చదవడం, రాయడం కొంత తెలిసిన కొద్దిమంది గోండు యువకులను ఎంచుకుని మార్లవాయిలో శిక్షణ ఇచ్చి ఉపాధ్యాయులుగా నిలిపారు. గోండి భాషలోనే వాచకాలు సిద్ధం చేయించారు. అర్హత సంపాదించిన బయటివారి కోసం వేచిచూడకుండా, ఉన్నవారికే అర్హత కల్పించడం ఆ ప్రయత్నపు విశేషం. మార్లవాయి నేడు కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది.

అనుసరించదగినవి, వదలవలసినవి

ఘోటుల్‌లోని ప్రతి అంశమూ నేటికి వర్తించదు. అక్కడి శిక్షలు కొన్ని కఠినమైనవి. పెద్దల పర్యవేక్షణ లేకుండా పిల్లలపై పిల్లలకు అధికారమిస్తే అది పెత్తనంగా మారే ప్రమాదం ఉంది. బాలల రక్షణ దృష్ట్యా అది నేడు అంగీకారయోగ్యం కాదు. జాతీయ విద్యావిధానం సైతం శిక్షణ పొందిన ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, తగిన భద్రతా జాగ్రత్తలతో, స్వచ్ఛందంగానే ఈ పని సాగాలని పేర్కొంది.

మార్గదర్శకత్వం వేరు, భారం వేరు అన్న తేడా కూడా గుర్తుంచుకోవాలి. పేద కుటుంబాల్లో తమ్ముడిని చంకనెత్తుకుని బడి మానేసిన అక్కలు ఎందరో ఉన్నారు. అది మార్గదర్శకత్వం కాదు, చదువుకు దూరం కావడం. పెద్దపిల్లల చదువును బలిచేసి చిన్నపిల్లలకు నేర్పించడం ఎంతమాత్రం సమర్థనీయం కాదు. రోజుకు ఒక నిర్ణీత సమయం, ఒకరిద్దరు చిన్నారులు, కథ చెప్పడమో పుస్తకం చదివి వినిపించడమో వంటి చిన్న పనితో మొదలుపెట్టాలి. వారానికొకసారి ఉపాధ్యాయుడు ఆ పెద్దపిల్లలను కూర్చోబెట్టుకుని వారికి ఎదురైన ఇబ్బందులు వినాలి. బాధ్యతను క్రమంగా పెంచాలి. వల్లె వేయించడం మార్గదర్శనం కాదని శిక్షణలోనే స్పష్టం చేయాలి.

నేర్పడం వల్ల నేర్చుకునేవారికే కాక నేర్పేవారికీ మేలు కలుగుతుందని విద్యావిధానం గుర్తించింది. కౌమార దశలో బడి మానే పిల్లలు అధికంగా ఉన్న ప్రాంతాలకు ఈ రెండో ప్రయోజనం మరింత ముఖ్యం. తన కోసం ఒక చిన్నారి ఎదురుచూస్తున్నదని తెలిసిన పిల్లవాడికి బడికి రావడానికి ఒక కారణం అదనంగా దొరుకుతుంది.

ఘోటుల్ గృహాలు పూర్వరూపంలో తిరిగి వెలుస్తాయా అన్నది మురియా సమాజం నిర్ణయించుకోవలసిన విషయం. కానీ అక్కడి మూలసూత్రం ఏ బడికైనా అందుబాటులోనే ఉంది. చిన్నప్పుడే ఒక చిన్న పని అప్పగించడం, చేసినదాన్ని గమనించడం, మరుసటి ఏడాది అదే పనిని మరొకరికి నేర్పే స్థానంలో నిలబెట్టడం. కట్టె మోసినవానికే నెగడు బాధ్యత అప్పగించిన సమాజం ఆచరించి చూపింది అదే.