అడుగున దాగిన మంచు

నేల గట్టిదని మనము నమ్ముదుము. ఇల్లు కట్టువాడు పునాది త్రవ్వి, గట్టి నేల తగిలిన పిదప నిశ్చింతగా నుండును. కాని సైబీరియా, అలాస్కా, ఉత్తర కెనడాలందు ఆ గట్టిదనమునకు కారణము పలుచోట్ల శిల గాదు, మంచు. మన్ను, ఇసుక, నీరు కలిసి గడ్డకట్టి, కొన్ని తావుల వందల మీటర్ల లోతువరకు రాతివలె బిగిసియున్నవి. వరుసగా రెండేండ్లకు తక్కువగాకుండ సున్న డిగ్రీలకు మించని చలిలో నుండు ఇట్టి నేలను శాస్త్రజ్ఞులు పర్మాఫ్రాస్ట్ అందురు.

2020 మే నెలలో సైబీరియాలోని నోరిల్స్క్ చెంత ఒక పెద్ద డీజిల్ తొట్టి ఆధారములు క్రుంగి, సుమారు 20,000 టన్నుల చమురు వెలికి పారెను. అంబర్నాయా నది ఎర్రబారుటను ఉపగ్రహ ఛాయాచిత్రములు లోకమునకు చూపినవి. మొదట నేల కరగుటయే కారణమనిరి; పిదప కట్టడపు లోపములును బయటపడినవి. చమురు మాట అటుంచినను, ఈ నేలలో గడ్డకట్టియున్న కర్బనము వాయుమండలమందున్న దానికి దాదాపు రెండింతలు!

అయితే ఈ మంచును ఏ ఉపగ్రహమును నేరుగా చూడజాలదు. నాచు, పొదలు, వేసవిలో కరగు పైమట్టి దానిని కప్పియున్నవి. నాడి పట్టి లోపలి జ్వరము నెరుగు వైద్యునివలె, పైనేల కదలికను బట్టియే లోని స్థితిని ఊహింపవలెను.

నీరు గడ్డకట్టినపుడు ఇంచుమించు 9 శాతము ఉబ్బును. కరగినపుడు మరల తగ్గును. అందుచే ఆ ప్రాంతపు నేల వేసవిలో కొన్ని సెంటీమీటర్లు దిగి, శీతకాలమున లేచును. ఐరోపావారు 2014లో మొదటిసారి పంపిన సెంటినెల్-1 జాతి రాడారు ఉపగ్రహముల తరంగము పొడవు 5.6 సెంటీమీటర్లు. అది నేలను తాకి తిరిగివచ్చును. 12 దినముల పిదప అదే తావునకు మరల తరంగము పంపి, వచ్చిన ప్రతిధ్వనిని మొదటిదానితో సరిపోల్చుదురు. నడుమ నేల ఒక సెంటీమీటరు దిగినను, రెండవ ప్రతిధ్వని ఆ మేరకు వెనుకబడును. సుమారు 700 కిలోమీటర్ల ఎత్తునుండి ఒక సెంటీమీటరును కొలుచుట!

వేసవిలో దిగినంతయు శీతకాలమున లేచినచో దిగులు లేదు. ఏటేట కొంత లేవక మిగిలిపోయినచో, అడుగునున్న పాత మంచు కరగుచున్నదని గ్రహింపవలెను. ఇండ్లు, రహదారులు, చమురు గొట్టములు గలచోట ఈ లెక్క ముందుగా తెలియవలసియున్నది.

పొదలు పెరిగినను, హిమపాతము జరిగినను రెండు ప్రతిధ్వనులు పొసగవు. పొడవైన తరంగము ఈ చిక్కును కొంత తగ్గించును. 2025 జూలై 30న మన శ్రీహరికోటనుండి ఎగసిన నిసార్, ఇస్రో నాసాల ఉమ్మడి ఉపగ్రహము, 24 సెంటీమీటర్ల తరంగమును గూడ వాడును. అది ఆకుల నడుమ దూరి నేలను చేరగలదు. ఇంతయైనను లోపలి చలి ఎంతయో అది చెప్పజాలదు. అందులకు నేలలో సన్నని బోరు తొలిచి ఉష్ణమాపకములను దింపవలసినదే. అట్టి బోర్లు సైబీరియావంటి విశాల ప్రదేశమున చాల దూరదూరముగ నున్నవి.