దాటేవాళ్ల లెక్క

2025 నవంబరు 3, సోమవారం పొద్దున. తాండూరు నుంచి హైదరాబాద్‌కు బయల్దేరిన ఆర్టీసీ బస్సు చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గరికి వచ్చింది. ఎదురుగా కంకర టిప్పర్. గుద్దుకోవడంతోనే అయిపోలేదు. టిప్పర్‌లోని కంకర బస్సులోకి కుమ్మరించుకుంది. సీట్లలో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే కూరుకుపోయారు. 19 మంది పోయారు. ఆదివారం ఇంట్లో గడిపి కాలేజీలకు తిరిగి వెళ్తున్న పిల్లలున్నారు వాళ్లలో.

ఆ రోడ్డు పక్క ఊళ్లకు ఇది కొత్త దుఃఖం కాదు. పదకొండు నెలల ముందు, 2024 డిసెంబరులో, అదే రోడ్డు మీద ఆలూరు స్టేజీ దగ్గర కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. రోడ్డు చూస్తే రెండు వరుసలది. అటూ ఇటూ తరాల నాటి మర్రిచెట్లు, తొమ్మిది వందల దాకా. వెడల్పు చేయమని ఊళ్లు అడిగాయి. చెట్లు కొట్టొద్దని మరికొందరు కొట్లాడారు. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లి ఏళ్లు గడిచాయి. చెట్లను వీలైనంత కాపాడే మార్పులతో అడ్డంకి తొలగిందన్న కబురు, బస్సు ప్రమాదం కబురు కొద్ది రోజుల తేడాలో వచ్చాయి.

మర్రిచెట్టు కావాలా మనిషి కావాలా అన్న ప్రశ్నే నాకు మింగుడుపడదు. ఎండాకాలం ఆ నీడన నిలబడి బస్సు కోసం చూసేది కూడా ఆ ఊళ్లవాళ్లే. స్టేజీ దగ్గర లైటుకు, అంచున తెల్లగీతకు, గుంతకు వేసే అతుకుకు ఒక్క చెట్టూ కొట్టక్కర్లేదు. పెద్ద పని ఆగినప్పుడు చిన్న పనులూ దాంతోపాటే ఆగిపోవడం మన దగ్గర అలవాటైపోయింది. ఆ చిన్న పనుల కోసం పట్టు వదలకుండా తిరిగే నలుగురు ప్రతి ఊళ్లోనూ ఉండాలి. ఈ కథనం వాళ్ల కోసమే.

రాస్తారోకో తర్వాతి రోజు

ప్రమాదం జరిగిన రోజు ఊరు ఊరంతా రోడ్డెక్కుతుంది. శవం రోడ్డు మీదే ఉంటుంది. కిలోమీటర్ల కొద్దీ లారీలు ఆగుతాయి. ఎస్సై వస్తాడు, తహసీల్దార్ వస్తారు, హామీ వస్తుంది. కడుపుకోతతో కూర్చున్నవాళ్లను తప్పుపట్టే మనసు నాకు లేదు. రోడ్డు మీద కూర్చుంటే తప్ప ఊరి మాట వినని వ్యవస్థే వాళ్లకు ఆ దారి నేర్పింది. కానీ ఆ హామీ కాగితం మీదికి ఎక్కిందా లేదా అని పదో రోజున అడిగేవాళ్లు లేకపోతే మిగిలేది రెండు డ్రమ్ములు, ఒక స్పీడ్ బ్రేకర్.

ఆ స్పీడ్ బ్రేకర్ సంగతి కాస్త చెప్పుకోవాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, వీపులా మెల్లగా లేచి మెల్లగా దిగాలి. ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి, మీద పెయింటు చారలుండాలి. మనం రాత్రికి రాత్రి పోసుకునేది మడికట్టు లాంటి సిమెంటు దిమ్మ. వెనకసీట్లో పక్కకు తిరిగి కూర్చున్న ఆడమనిషి చీకట్లో దాని మీదే ఎగిరిపడుతుంది. పైగా జాతీయ రహదారుల మీద స్పీడ్ బ్రేకర్లు ఉండకూడదని, ఉన్నవి తీసేయాలని కేంద్రం 2016లోనే చెప్పింది. అక్కడ ఊరు అడగాల్సినవి వేరు: వరుసగా చిన్న గట్లు వేసే రంబుల్ స్ట్రిప్పులు, హైమాస్ట్ లైటు, సర్వీసు రోడ్డు, అండర్‌పాస్. ఏది అడగాలో తెలిసి అడిగిన వినతిపత్రానికి, "తగు చర్యలు తీసుకోగలరు" అని ముగిసే వినతిపత్రానికి ఆఫీసులో దక్కే చూపే వేరు.

పోయినవాళ్లను లెక్కపెట్టే పద్ధతి

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కాలినడకన పోతూ చనిపోయినవాళ్లే 32 వేలకు పైగా. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం చిల్లర. చావుల్లో వాటి వాటా మూడో వంతు దాటింది. ప్రతి మూడు చావుల్లో రెండు పల్లె ప్రాంతాల్లోనివే. పల్లెను చీల్చుకుని పోయే రహదారి పల్లెకు ఏం చేస్తుందో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని పెద్దకుంట తండా చూసింది. 44వ నంబరు జాతీయ రహదారి దాటబోయి అక్కడి మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోయారు. చివరికి ఆ లంబాడీ తండాకు వితంతువుల ఊరన్న పేరు దేశం దాటి వెళ్లింది. రహదారి గీసిన కాగితం మీద తండా ఒక చుక్క. దాటక తప్పని మనుషులు ఆ చుక్కలో కనపడరు.

మరి రహదారి శాఖకు ఊరు ఎప్పుడు కనపడుతుంది? బ్లాక్ స్పాట్ అయినప్పుడు. జాతీయ రహదారి మీద దాదాపు 500 మీటర్ల ముక్కలో, మూడేళ్లలో, చావో తీవ్ర గాయాలో ఉన్న ప్రమాదాలు 5 జరగాలి. లేదా 10 మంది చనిపోవాలి. అప్పుడు ఆ చోటు జాబితాకు ఎక్కుతుంది, బాగుచేతకు అంచనా తయారవుతుంది. మొదటిసారి ఈ నిబంధన చదివినప్పుడు నాకు నోట మాట రాలేదు. నాలుగు జరిగిన చోట ఊరు ఐదోదాని కోసం చూడాలా?

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ లెక్కకు ఆధారం పోలీసు రికార్డు. పల్లెలో కాలు విరిగినవాడు పుత్తూరు కట్టుకు పోతాడు, గుద్దినవాడూ తెలిసినవాడే కాబట్టి పెద్దమనుషుల్లో రాజీ అయిపోతుంది, ఎఫ్‌ఐఆర్ ఉండదు. ఊరికి ఏడు దెబ్బలు గుర్తుంటాయి, ఫైలుకు రెండే. అందుకే ఆ నలుగురు కలిసి వేసుకునే ఊరి కమిటీకి మొదటి ఆయుధం వంద పేజీల నోటుబుక్కు. తేదీ, వేళ, ఏ కిలోమీటరు రాయి దగ్గర, ఏ కరెంటు స్తంభం దగ్గర, బండి ఎటు నుంచి వచ్చింది, లైటు వెలుగుతోందా, కేసయిందా. ఇంతే. దెబ్బ తగిలించుకున్నవాళ్లను స్టేషన్ దాకా తీసుకెళ్లడం రెండో పని. గుద్ది పారిపోయిన బండి ఆచూకీ దొరకకపోయినా చావుకు 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయల పరిహారం 2022 ఏప్రిల్ నుంచి ఉందన్న సంగతి చాలా ఇళ్లకు తెలియదు. కేసు లేకపోతే అదీ లేదు.

మన ఇంటి లెక్క

ఊరు కూడా తన వాటా చూసుకోవాలి. కోతల కాలంలో నల్లటి తారు మీద వడ్లు, మక్కలు ఆరబోసి, చుట్టూ బండరాళ్లు పెట్టి, రాత్రికి నల్ల పట్టా కప్పేది మనమే. ఆ రాయి బైకు వాడికి దగ్గరికి వస్తే గానీ కనపడదు. రైతుకు కల్లం లేదు, నిజమే. కాబట్టి సిమెంటు కల్లాలు అడగడం కూడా రోడ్డు భద్రతే. ట్రాలీ వెనక రిఫ్లెక్టర్ స్టిక్కరుకు అయ్యే ఖర్చు ఎంతో కాదు. మద్యం దుకాణాలు రహదారికి 500 మీటర్ల లోపల ఉండకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, 20 వేల లోపు జనాభా ఉన్నచోట ఆ దూరాన్ని తర్వాత 220 మీటర్లకు తగ్గించింది. స్టేజీ పక్క బెల్టుషాపు ఏ కొలతకు లోబడి నడుస్తోందో ఊళ్లో అందరికీ తెలుసు.

ఇలాంటి మాట పైకి చెప్పాలంటే కమిటీకి బలం కావాలి. నిజామాబాద్ జిల్లా గ్రామాభివృద్ధి కమిటీలకు ఆ బలం ఉంది. కులానికి ఇంతమంది చొప్పున కూర్చుని, చందాలు, వేలంపాటల డబ్బుతో గుళ్లు, రోడ్లు, బడి గదులు కట్టుకున్న చరిత్ర ఉంది. మాట వినని కుటుంబాలను వెలివేసి పోలీసు కేసుల పాలైన చరిత్రా ఉంది. వెలివేతకు దిగిన కమిటీ నా దృష్టిలో ఊరి కమిటీ కాదు. బెల్టుషాపు వేలం డబ్బుతో నడిచే కమిటీ తాగి బండి నడిపేవాడిని ఏ నోటితో ఆపుతుంది? వరంగల్ జిల్లా గంగదేవిపల్లి నీళ్లకు, పారిశుద్ధ్యానికి, ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని పేరు తెచ్చుకుంది. ఆ వరుసలో రోడ్డుకూ ఒక కమిటీ ఉంటే చాలు. అందులో బడి పంతులు, ఆటో డ్రైవర్, ఆశా కార్యకర్త ఉండాలి. రోజూ ఆ రోడ్డు దాటేది వాళ్లే.

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటుంది. అక్కడ తీర్మానం చేయించాలి, దాన్ని కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి పంపాలి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ వచ్చింది. డిజైన్, నిర్మాణ ప్రమాణాలు పాటించక ప్రాణం పోయినా అంగవైకల్యం వచ్చినా కాంట్రాక్టరుకు, సలహాదారుకు, అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా. ప్రాణానికి అది చాలా చిన్న మొత్తం. అయినా "మీకు ఫలానా తేదీన చెప్పాం" అన్న ముద్ర ఉన్న కాగితం ఊరి దగ్గరుంటే ఫైలు కదిలే తీరు మారుతుంది.

బతికున్నవాళ్లను లెక్కపెట్టే పద్ధతి

ఎవరూ పోనక్కర్లేని లెక్క కూడా ఒకటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల మార్గదర్శకాల్లోనే ఉంది. రద్దీగా ఉన్న గంటలో ఎంతమంది నడిచి దాటారో లెక్కపెట్టాలి. అదే గంటలో ఎన్ని బండ్లు పోయాయో లెక్కపెట్టాలి. బండ్ల సంఖ్యను అదే సంఖ్యతో హెచ్చించి, దాన్ని మనుషుల సంఖ్యతో హెచ్చించాలి. అది ఆ మార్గదర్శకాలు పెట్టిన గీతను దాటితే, అక్కడ నియంత్రణ ఉన్న క్రాసింగ్ కావాలని అర్థం.

వంద మంది, నూటయాభై బండ్లు అనుకోండి. 22 లక్షల 50 వేలు. బడి వేళకు మన స్టేజీల దగ్గర ఎన్ని బండ్లు పోతాయో చూసినవాళ్లకు నూటయాభై ఎంత చిన్న సంఖ్యో తెలుసు.

దీనికి ఇంజినీరు అక్కర్లేదు. తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు చాలు. పొద్దున ఎనిమిదిన్నరకు స్టేజీ పక్క చెట్టుకింద కూర్చుని, ఒకరు బండ్లకు, ఒకరు మనుషులకు గీతలు గీసుకుంటూ పోతారు. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. తొమ్మిదిన్నరకు కూడిక, పది గంటలకు పంతులు సంతకం, రెండు నెలలకోసారి ఇంకో కాగితం. ఆ గీతల్లో చద్ది గిన్నె పట్టుకుని కూలికి పోయే అమ్మ ఉంటుంది, పింఛను కోసం పోయే తాత ఉంటాడు. లెక్క అయ్యాక పుస్తకం మూసి, ఆ పిల్లలిద్దరూ లేచి, అటూ ఇటూ చూసి, అదే రోడ్డు దాటి బడికి పోతారు.